కూర్చునే చోటు

కిందటేడాది మేమొక పాత ఫ్లాటు కొనుక్కుని, దాన్ని మా అవసరాలకు తగ్గట్టు మార్పించుకోవాలనుకున్నాం. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్న పెద్దవాళ్ళు ఇల్లు కట్టడంలో పడే పాట్ల గురించి చెప్పారు గానీ, ఇంటి ప్లాను చదవడంలో పడే పాట్ల గురించి చెప్పలేదు. మా ఇంటీరియర్ డిజైనర్ పాతికేళ్ళ అమ్మాయి, చురుకైనది. రెండు వారాల్లో ప్లాను గీసి తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. హాలు, కిచెన్, మాస్టర్ బెడ్‌రూం, చిల్డ్రన్స్ బెడ్‌రూం, పూజ, యుటిలిటీ. ప్రతి గడిలోనూ ఒక పేరు ముచ్చటగా రాసి ఉంది. మాస్టర్ బెడ్‌రూంలో కిటికీ పక్కన ఒక చిన్న దీర్ఘచతురస్రం, దాని మీద 'సార్ వర్క్ టేబుల్' అని ఉంది. మరి నా బల్ల ఏదని అడిగాను. ఆ అమ్మాయి కాస్త తడబడి, "డైనింగ్ టేబుల్ ఎనిమిది మందిది వేస్తున్నాం కదా మేడమ్, మీకు ఎంత చోటు కావాలన్నా ఉంటుంది" అంది.

ఆమెను తప్పుపట్టలేను. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చూసింది అదే. నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం మొత్తం నేను డైనింగ్ టేబుల్ మీదే రాశాను. భోజనాల వేళకు పుస్తకాలు దొంతర పెట్టి ఫ్రిజ్ మీదికి ఎక్కించేదాన్ని. గిన్నెలు తీసి, బల్ల తుడిచి, మళ్ళీ దించుకునేదాన్ని. ఆ గ్రంథంలో ఒక అధ్యాయం సంకేతశాస్త్రం గురించి. సొసూర్ పేరు మీద చారు మరక పడిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. నవలల్లోని ఇళ్ళను, కిటికీలను, గుమ్మాలను అంత శ్రద్ధగా చదివినదాన్ని, నేను కూర్చున్న బల్లను మాత్రం చదవలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

సంకేతశాస్త్రం చెప్పే మొదటి పాఠం తేలికైనదే. సొసూర్ చనిపోయిన మూడేళ్ళకు, 1916లో, ఆయన పాఠాలు పుస్తకంగా వచ్చాయి. ఒక మాటకు అర్థం ఆ మాటలోనే ఇమిడి ఉండదనీ, పక్కనున్న మిగతా మాటలతో దానికున్న తేడాలోంచి అర్థం పుడుతుందనీ ఆయన అన్నాడు. ఇంటికి ఇది ఎంత బాగా వర్తిస్తుందో చూడండి. హాలు వంటిల్లు కాదు కాబట్టే హాలు. పూజగది పక్కన చెప్పులు విడిచే చోటు ఉండదు కాబట్టే అది పూజగది. ఏ గదికీ సొంతంగా అర్థం లేదు, వాటి మధ్యనున్న గోడల్లో ఉంది అర్థం. అందుకే ప్లానులో ఒక బల్ల 'సార్‌ది' కావడానికి, ఇంకో బల్ల ఎవరిదీ కాకుండా, అంటే అందరిదీ అయి ఉండాలి.

ఆ తర్వాత రోలాఁ బార్త్ 1950, 60లలో ఈ చూపును మాటల నుంచి వస్తువులకు మళ్ళించాడు. సమాజంలో ఏ వాడకమైనా కొద్దికాలానికి తనకు తానే గుర్తుగా మారిపోతుందని ఆయన వాదన. వానకోటు వాన నుంచి కాపాడుతుంది, 'వాన పడుతోంది' అని చెబుతుంది కూడా. ఈ రెండో పనిని మొదటి పని కప్పేస్తుంది. 'ఇది ఉపయోగం కోసం పెట్టాం, అంతే' అని వస్తువు మనల్ని నమ్మిస్తుంది. ఉంబెర్తో ఎకో 1968లో భవన నిర్మాణాన్ని గురించి రాస్తూ సింహాసనాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. సింహాసనం కూర్చోవడానికే, కానీ సౌకర్యంగా కూర్చోవడం అక్కడ ప్రధానం కాదు. నడుం నొప్పి పుట్టినా సరే, అందులో కూర్చున్నవాడు రాజని చూసేవాళ్ళకు తెలియాలి.

సింహాసనం దాకా పోనక్కర్లేదు. మా అమ్మమ్మగారింట్లో వసారాలో ఒక పడక్కుర్చీ ఉండేది. పొడవాటి చేతులు, మధ్యలో చారల గుడ్డ. అది తాతయ్యది. ఆయన పొలం వెళ్ళినా, ఊరెళ్ళినా, అది ఖాళీగానే ఉండేది. మేం పిల్లలం ఎక్కితే "దిగండి, దిగండి, తాతయ్యొస్తారు" అని అమ్మమ్మ గదిమేది. ఆయన లేనప్పుడు ఆ కుర్చీ ఇంకా ఎక్కువ మాట్లాడేది. ఆయన పోయాక గోడకు ఫోటో వచ్చింది, ఫోటోకు దండ వచ్చింది, కింద కుర్చీ అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ అందులో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మరి ఆమె ఎక్కడ కూర్చునేది? పొయ్యి ముందు పీట మీద. మధ్యాహ్నం దొడ్డివైపు గుమ్మంలో, బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని. వయసులో ఉన్నప్పుడు నెలకు మూడు రోజులు వెనక వసారా మూల, చాప మీద. ఏ పనీ చేతిలో లేకుండా ఆమె కూర్చోగలిగింది ఆ మూడు రోజులేనట. అదీ ఎవరూ ముట్టుకోకూడని మనిషిగా.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 'కుర్చీ' అంటే మనకు అధికారం. ఒకదానికి ప్రాధాన్యమిస్తే 'పెద్దపీట వేశారు' అంటాం. కూర్చోవడం అనే ఒక్క పని చుట్టూ ఇంత రాజకీయం అల్లుకున్న భాష మనది. ఇంటి అలంకరణ గురించి రాసేటప్పుడు మాత్రం రంగులూ, వెలుతురూ, చెక్కా, గ్రానైటూ గురించి మాట్లాడి ఊరుకుంటాం.

ఇంటిని ఒక వ్యాకరణంలా చదవడానికి పియెర్ బూర్ద్యూ రాసిన వ్యాసం మనకు బాగా పనికొస్తుంది. అల్జీరియాలోని కబైల్ ప్రజల ఇంటి గురించి రాసిన ఆ వ్యాసం 1970లో వచ్చింది. ఒకే గదిలాంటి ఆ ఇంట్లో ఒక భాగం పల్లంగా, చీకటిగా ఉంటుంది. పశువులు, నిద్ర, పుట్టుక, చావు, స్త్రీలు అటువైపు. ఎత్తుగా, వెలుతురుగా ఉండే భాగం మగ్గానికి, నిప్పుకు, అతిథులకు. పొద్దు పొడిచాక మగవాడు ఇంట్లో ఉండకూడదు. ఇల్లు స్త్రీలదే అంటారు. కానీ ఆ ఇంటికి అర్థం ఇచ్చేది గుమ్మం బయటున్న మగవాళ్ళ లోకం. మన వాస్తు కూడా ఇలాంటి వ్యాకరణమే. వంటిల్లు ఆగ్నేయం, దేవుడు ఈశాన్యం, యజమాని పడకగది నైరుతి. అష్టదిక్కుల్లో యజమానికి ఒక దిక్కుంది, అగ్నికి ఒకటి, నీళ్ళకు ఒకటి. ఇల్లాలికి మాత్రం విడిగా దిక్కులేదు. అగ్ని ఎక్కడుంటే ఆమె అక్కడ. 'మాస్టర్ బెడ్‌రూం' అనే మాట పరాయిదైనా మన నైరుతి గదిలో అంత సుఖంగా ఇమిడిపోయింది అందుకే. 2020లో అమెరికాలోని హ్యూస్టన్ రియల్టర్ల సంఘం తన జాబితాల్లో ఆ మాటను 'ప్రైమరీ బెడ్‌రూం'గా మార్చింది. పేరు మార్చినంత మాత్రాన గది మారదని నవ్వొచ్చు. కానీ ఆ పేరు లేకపోతే నేను నా ప్లానును మళ్ళీ తిప్పి చూసేదాన్ని కాదు.

పాత ఇళ్ళు పితృస్వామ్యపు ఇళ్ళే, కొత్త ఇళ్ళు అలా కాదు కదా అని ఒక వాదన ఉంది. బోద్రియార్ 1968లో రాసిన 'వస్తువుల వ్యవస్థ' దాదాపు ఆ మాటే అంటుంది. పాత మధ్యతరగతి ఇంట్లో బరువైన బీరువా, గది మధ్యలో పెద్ద మంచం, గోడ గడియారం, నిలువుటద్దం, కుటుంబం ఫోటో. ప్రతి వస్తువుకూ ఒక స్థానం, ఒక హోదా. ఆ అమరికే ఆ కుటుంబపు చిత్రపటం. కొత్త ఇంట్లో వస్తువులు తేలికవుతాయి, మడిచేవి, జరిపేవి వస్తాయి. ఇప్పుడు మనిషి ఇంటికి యజమాని కాడు, అమర్చేవాడు. కావలసింది హోదా కాదు, 'వాతావరణం'. మన దగ్గరా అలాగే జరిగింది. మండువా లోగిలి పోయింది, సోఫాసెట్టూ షోకేసూ ఉన్న హాలు వచ్చింది. అదీ పోయి ఫాల్స్ సీలింగూ, పసుపుపచ్చ దీపాలూ వచ్చాయి. కొండపల్లి బొమ్మ బొమ్మల కొలువులోంచి షోకేసులోకి, షోకేసులోంచి 'ఎథ్నిక్ కార్నర్'లోకి నడిచింది. బొమ్మ అదే, అది చెప్పే సంగతి మూడుసార్లు మారింది. మొదట పండుగ అని చెప్పింది, తర్వాత మర్యాదస్తుల ఇల్లని, ఇప్పుడు అభిరుచి అని.

ఈ అమరికలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది తిరగలి. ఈ మధ్య చాలా ఇళ్ళలో, హోటళ్ళలో గుమ్మం పక్కన తిరగలి పెడుతున్నారు. గంగాళంలో నీళ్ళు పోసి బంతిపూలు వేస్తున్నారు. రుబ్బురోలు బాల్కనీలో మొక్క పక్కన కూర్చుంది. తిరగలి అందమైనదే, కాదనను. కానీ దాని పిడి నున్నగా ఎలా అయింది? ఏ చేతులు ఎన్నేళ్ళు తిప్పితే అయింది? చరిత్రను ప్రకృతిగా, శ్రమను అందంగా చూపించే ఈ పనినే బార్త్ 'మిథ్' అన్నాడు. శ్రమ చేసిన మనిషిని తీసేసి, శ్రమ చేసిన వస్తువును మాత్రం దీపం కింద పెడతాం. దాన్నే సంస్కృతి అంటాం.

బోద్రియార్ అడగని ప్రశ్న కూడా ఇదే. ఇంటిని అమర్చేవాడు సరే, అమర్చినదాన్ని రోజూ తుడిచేదెవరు? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ఈ ప్రశ్నతోనే నడుస్తుంది. ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోయిన ఒక ఇల్లాలు ఒకరోజు తన పేరు మరిచిపోతుంది. ఎవరినడిగినా ఆమె వాళ్ళకేమవుతుందో చెబుతారు గానీ, పేరు చెప్పరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తేనే ఆమె తనకు తాను దొరుకుతుంది. ఈ కథను మనం గుర్తింపు గురించిన కథగా చాలాసార్లు చదివాం. సంకేతాల గురించిన కథగా కూడా చదవాలి. 'ఇంటిని చూసి ఇల్లాలిని చూడు' అన్న సామెతలో ఇల్లు సూచకం, ఇల్లాలు సూచితం. ఇల్లు మెరుస్తోందంటే ఆమె మంచిదని అర్థం. 'ఇల్లాలు' అనే మాటలోనే ముందు ఇల్లుంది, తర్వాతే ఆలు. సత్యవతి చేసిందేమిటంటే, సూచకం మెరిసేకొద్దీ సూచితం ఎలా చెరిగిపోతుందో చూపించింది. గచ్చు అద్దమైంది గానీ అందులో ఆమె ముఖం కనబడలేదు.

అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' కథలో ఒకే వస్తువును ఇద్దరు అక్కచెల్లెళ్ళు రెండు రకాలుగా చదువుతారు. పట్నపు ఫ్లాటులో కుండీలో పెంచిన మరగుజ్జు చెట్టు చెల్లెలికి గర్వకారణం, కళ. పల్లె నుంచి వచ్చిన అక్కకు అది ఎదగనివ్వని ఆడబతుకు. చెట్టు మారలేదు, చూసే కన్ను మారింది. వస్తువులు చెప్పేది శిలాశాసనం కాదనీ, ఎదురు చదవవచ్చనీ ఈ కథ నాకు నేర్పింది. మనకున్న ఆశ కూడా అక్కడే ఉంది.

ఎదురు చదవడం ఒక్కటే చాలదు, ఎదురు గీయాలి కూడా అనుకున్న స్త్రీలు ఉన్నారు. ఆస్ట్రియాకు చెందిన మార్గరెట్ షూటె-లిహోట్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ళకోసం ఒక వంటింటిని గీసింది. వెడల్పు రెండు మీటర్లకు కొంచెం తక్కువ, పొడవు మూడున్నర మీటర్లు. పప్పులూ పిండీ పోసుకునే అల్యూమినియం సొరుగులు, వాటి మీద పేర్లు. మడిచే ఇస్త్రీ బల్ల. పక్క గదిలో పిల్లలు కనబడేలా జరిపే తలుపు. అడుగులు లెక్కపెట్టి, ఏ పనికి ఎంత దూరం నడవాలో కొలిచి గీసిన వంటిల్లది. దాదాపు 10,000 ఇళ్ళలో అది వెలిసింది. స్త్రీలకు ఇంటిచాకిరీ తగ్గితే బయటి ఉద్యోగానికి, చదువుకు, విశ్రాంతికి సమయం మిగులుతుందన్నది ఆమె ఆశయం. తర్వాత నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి 1941 నుంచి 1945 వరకు జైల్లో ఉన్న మనిషి ఆమె. ఆమె చిత్తశుద్ధిని శంకించడానికి వీల్లేదు.

అయినా 1970లకు వచ్చేసరికి స్త్రీవాదులు ఆ వంటింటిని గట్టిగా విమర్శించారు. ఒక్కరే పట్టే వంటింట్లో ఎవరుంటారో ముందే నిర్ణయమైపోయింది. రెండో మనిషి వచ్చి చెయ్యి వెయ్యాలన్నా చోటు లేదు. కాలు కదిపే శ్రమ తగ్గింది, ఆ శ్రమ ఎవరిదన్న లెక్క మాత్రం ఇంకా గట్టిపడింది. విమర్శ నిజమే. కానీ ఆ వంటింటి ఫోటో చూసినప్పుడల్లా నా కళ్ళు ఒక చిన్న వస్తువు దగ్గర ఆగిపోతాయి. కిటికీ ముందున్న బల్ల దగ్గర ఒక తిరిగే స్టూలు ఉంది. కూరలు తరుగుతూ ఆమె కూర్చోవచ్చు.

మన వంటింటి చరిత్రలో ఆ స్టూలు లేదు. మనకు పొయ్యి నేల మీది నుంచి గట్టు మీదికి ఎక్కడం ఆధునికతకు గుర్తు. పొగ పోయింది, గ్యాసు వచ్చింది, వంగి వంగి నడుం పడిపోవడం తగ్గింది. ఇవి చిన్న లాభాలు కావు, పాత పొయ్యిని తలచుకుని కలవరించాల్సిన పని లేదు. కానీ పొయ్యి పైకెక్కినప్పుడు పీట అటకెక్కింది. దాని బదులు ఏదీ రాలేదు. కూరలు తరగడం, పిండి కలపడం, చపాతీలు ఒత్తడం, గిన్నెలు కడగడం అన్నీ నిలబడే. లక్షలు పోసి వేయించే మాడ్యులర్ కిచెన్లలో సాఫ్ట్ క్లోజ్ సొరుగులుంటాయి, టాండెం బాక్సులుంటాయి, మూలల్లో తిరిగే అరలుంటాయి. వండే మనిషి కూర్చునే చోటుండదు. ఓపెన్ కిచెన్‌లో ఎత్తు స్టూళ్ళు కనిపిస్తాయి, నిజమే. అవి గట్టుకు అవతలివైపున, కాఫీ తాగేవాళ్ళకోసం.

ఓపెన్ కిచెన్ గురించి ఇంకొక మాట. గోడ తీసేశాం కాబట్టి వంటింటికీ హాలుకూ తేడా పోయిందని అమ్మకందారులు చెబుతారు. తేడా పోలేదు, గోడలోంచి మనుషుల్లోకి మారింది. ఇదివరకు వంటిల్లు చిందరవందరగా ఉన్నా తలుపు దాచేది. ఇప్పుడు పోపు వేస్తున్న మనిషి కూడా అలంకరణలో భాగం. నవ్వుతూ వండాలి. విమల 'వంటిల్లు' కవితలో ఆ గది మీద పెల్లుబికిన ఆగ్రహానికి అప్పుడు గోడలున్నాయి, వాటిని చూపించి 'ఇదిగో నా చెర' అనగలిగాం. గోడల్లేని వంటింటిని ఏమని పిలుస్తాం? మన కవిత్వానికి ఇదొక కొత్త ప్రశ్న.

గీయడమే కాదు, పేర్లు కూడా తానే రాసుకున్న ఇంకో స్త్రీ ఐలీన్ గ్రే. ఐర్లండులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ డిజైనర్ 1926-29 మధ్య ఫ్రాన్సు దక్షిణ తీరంలో తనకూ, మిత్రుడు జాఁ బదొవిచికీ ఇ-1027 అనే ఇల్లు కట్టింది. గోడల మీద, అలమరల మీద ఆమె స్టెన్సిల్‌తో అక్షరాలు వేయించింది. గుమ్మంలో 'నెమ్మదిగా రండి' అని ఉంటుంది. ఇంకోచోట 'నవ్వరాదు' అని ఉంటుంది, చదివితే నవ్వొచ్చేలా. అలమరల మీద లోపలేముందో రాసి ఉంటుంది. ఆమె ఒక కుర్చీకి ఒకవైపే చెయ్యి పెట్టింది, కూర్చున్నవాళ్ళు రెండోవైపు స్వేచ్ఛగా ఒరగడానికి. దానికి 'నాన్ కన్ఫర్మిస్ట్' అని పేరు. మా తాతయ్య పడక్కుర్చీ కూర్చున్న మనిషిని పెద్ద చేసేది. ఈ కుర్చీ కూర్చున్న మనిషిని ఇబ్బంది లేకుండా కదలనిస్తుంది. వస్తువు హోదాను కాక శరీరాన్ని గుర్తుపెట్టుకుంటే ఎలా ఉంటుందో చూపిస్తుంది.

ఆ ఇంటికి ఏమైందో కూడా చెప్పుకోవాలి. గ్రే ఆ ఇంటినుంచి వెళ్ళిపోయాక, 1938-39లో లె కొర్బూజియే ఆమె అనుమతి లేకుండా ఆ తెల్ల గోడల మీద పెద్ద పెద్ద కుడ్యచిత్రాలు వేశాడు. తర్వాత చాలాకాలం ఆ ఇంటిని కూడా ఆయన లెక్కలోనే వేసినవాళ్ళున్నారు. ఒక స్త్రీ రాసుకున్న చిన్న అక్షరాల మీద ఒక మహాపురుషుడి బొమ్మ. ఇల్లు ఎవరు గీశారన్నది ఎంత ముఖ్యమో, దాని మీద చివరి సంతకం ఎవరిదన్నదీ అంతే ముఖ్యం. ప్లాను మీద పేరు రాసే చెయ్యి చిన్నదేం కాదు.

ఇంతవరకూ రాసి, నా బల్లకోసం నేను చేసిన పోరాటం చెప్పి ముగించి ఉంటే ఈ వ్యాసం సుఖంగా పూర్తయ్యేది. పోరాటం గెలిచాను కూడా. మా అత్తగారు పెద్దమనసుతో, "దేవుడికి గూడు చాలమ్మా, గది ఎందుకు" అన్నారు. పూజ అని రాసిన ఆరడుగుల గది నాకు వచ్చింది. 'తనకంటూ ఒక గది' కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో అన్న మాట దాదాపు వందేళ్ళకు నా ఈశాన్యంలో నెరవేరింది. సవరించిన ప్లాను తెచ్చిన రోజున మా ఇంట్లో పనిచేసే ఆమె బల్ల తుడుస్తూ, కాగితం వైపు చూసి, "ఇందులో వంటిల్లేదమ్మా?" అని అడిగింది. ఆమె నాకంటే పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మా అంటుంది. ఈ తారుమారైన వరసల్లోనే ఎంత వ్యాకరణం ఉందో! వంటిల్లు చూపించాను. వెనక యుటిలిటీ చూపించాను. సింకు, వాషింగ్ మెషీను, బట్టలారేసే తీగలు. "నేను ఈడుంటా అన్నమాట" అని నవ్వి, తన పని తాను చేసుకుంది.

అప్పుడు మళ్ళీ చూశాను. నేను ఎనిమిదేళ్ళ పిల్లవాడి సైకిలుకు కూడా చోటు అడిగి గీయించిన ప్లాను అది. రోజుకు మూడు గంటలు ఆ ఇంట్లో గడిపే మనిషి పేరు అందులో ఎక్కడా లేదు. ఆమె టీ తాగేది వంటింటి గుమ్మం దగ్గర నేల మీద. ఆమెకు విడిగా ఒక స్టీలు గ్లాసు ఉంది. దాన్ని నేను పెట్టలేదు, పాత ఇంట్లోంచి అలవాటుగా వచ్చింది అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వస్తువు 'నేను ఉపయోగం కోసమే' అని బుకాయిస్తుందన్న బార్త్ మాటను తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పాను. నా గూట్లో ఆ గ్లాసు రోజూ అదే బుకాయింపు చేస్తోంది.

1993లో వచ్చిన 'నీలిమేఘాలు' మా తరానికి ఇంటిని ప్రశ్నించడం నేర్పింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఆ ప్రశ్నలో ఎవరి ఇల్లుందో అడగడం నేర్పింది. వంటింటినుంచి బయటపడాలన్న కోరికా, వంటింట్లోకి అడుగుపెట్టనివ్వని గడపా ఒకే ఇంట్లో ఉన్నాయి. మా అమ్మమ్మ మూడు రోజులు కూర్చున్న వెనక వసారాకు అవతలే, దొడ్లో, పనివాళ్ళు అన్నానికి ఆకులు పరుచుకునేవాళ్ళు. ఆమె మూడు రోజుల తర్వాత తలస్నానం చేసి గడప దాటి లోపలికొచ్చేది. వాళ్ళకు ఆ నాలుగో రోజు ఎప్పుడూ రాలేదు. ఆ రెండు అవమానాలూ ఒకటి కావు. ఒకే ఇంటి వ్యాకరణంలోంచి పుట్టాయి కాబట్టి ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని మార్చలేం.

అందుకే ఇంటి అలంకరణ గురించి మాట్లాడేటప్పుడు సౌకర్యంగా ఉందా, అందంగా ఉందా అన్న రెండు ప్రశ్నలూ చాలవని నాకనిపిస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు సౌకర్యమైనదే, ఓపెన్ కిచెన్ అందమైనదే. మూడో ప్రశ్న ఒకటి కావాలి. ఈ ఇంట్లో పనిచేసే ప్రతి మనిషికీ పని ఆపి కూర్చునే చోటు ఉందా? అది ఎవరో లేచి ఇస్తే దొరికే చోటా, ఆ మనిషిదేనా? గోడల రంగు మార్చడం, గోడలు తీసేయడం, గదులకు కొత్త పేర్లు పెట్టడం, ఇవన్నీ సూచకాల్ని మార్చడమే. తేడాల వ్యవస్థ మారనంతవరకు పాత అర్థం కొత్త సూచకంలోకి నింపాదిగా వచ్చి కూర్చుంటుంది. దానికి ఎప్పుడూ చోటు దొరుకుతుంది.

మూడోసారి ప్లాను మార్చమని అడిగినప్పుడు డిజైనర్ అమ్మాయి విసుక్కోలేదు. వంటగట్టు కింద ఒకచోట అలమర తీయించి, మోకాళ్ళు పట్టేలా ఖాళీ వదలమన్నాను. గట్టుకు ఇవతలివైపు, వండేవాళ్ళ వైపు, రెండు స్టూళ్ళు వేయమన్నాను. "రెండెందుకు మేడమ్?" అంది. చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, పెన్సిల్ పట్టుకుని, "మరి ఇక్కడ పేరేం రాయమంటారు?" అని అడిగింది.

గ్లాసు సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. అన్ని గ్లాసులూ ఒకేచోట పెట్టిన రోజున ఆమె తన పాత గ్లాసు వెతుక్కుని మరీ తీసుకుంది. నేల మీదే కూర్చుని తాగింది. ఇన్నేళ్ళు ఒక గుర్తు చెప్పిన మాటను నేను ఒక్క పూటలో రద్దు చేశాననుకోవడం కూడా యజమాని ఆలోచనే. స్టూళ్ళు వచ్చాయి. ఒకదాని మీద నేను కూర్చుని బీన్స్ తరుగుతున్నాను. రెండోది ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఏం చెబుతోందో తెలుసు కాబట్టే, దాని మీద నా పుస్తకాలు పెట్టకుండా జాగ్రత్తపడుతున్నాను.